ఏడో రాకెట్

అరుంధతి మహబూబాబాద్ స్టేషన్ ముందర తన పాత మారుతి వ్యాను ఆపేసరికి ఉదయం పదకొండూ పది. మళ్లీ అక్కడి నుంచి కదలడానికి ఆమె చేతిలో ఉన్నది మూడు గంటలకు పది నిమిషాలు తక్కువ.

ఆ లెక్క దారిలోనే వేసుకుంది. హైదరాబాద్‌లో విమానం రాత్రి పదకొండూ ఇరవైకి. సింగపూర్‌లో మారి మనీలా చేరేది రేపు మధ్యాహ్నం. అక్కడ జరగబోయే పురుషుల ప్రొఫెషనల్ టెన్నిస్ టోర్నమెంటులో అర్హత కోసం జరిగే క్వాలిఫైయింగ్ పోటీలు ఆడదలచినవాళ్లు రేపు సాయంత్రం ఆరులోపు స్వయంగా వచ్చి సంతకం పెట్టాలి. పెట్టకపోతే జాబితాలో తర్వాతివాడికి ఆ చోటు పోతుంది. ఇక్కడ చూస్తే సకల జనుల సమ్మె మొదలై పదమూడో రోజు, రైల్‌రోకో రెండో రోజు. రైళ్లు లేవు, బస్సులు లేవు, ప్రతి ఊరి పొలిమేరలో ఒక అడ్డంకి. రెండు గంటలకు బయల్దేరకపోతే విమానం దక్కదు.

పొద్దున ఎనిమిదీ పదికి డోర్నకల్ నుంచి ఖుర్షీద్ బేగం ఫోన్ చేసింది. అరుంధతి రైల్వే రక్షణ దళంలో పనిచేసిన పద్నాలుగేళ్లలో ఆరేళ్లు డోర్నకల్‌లోనే గడిచాయి. ఖుర్షీద్ బేగం ఇల్లు పక్క క్వార్టరు. ఆమె కొడుకు నవీద్ రైల్వే వాళ్ల సిమెంటు కోర్టులో అరిగిపోయిన బంతులతో ఆడుతుంటే అరుంధతి గోడ మీద కూర్చుని చూసేది. పై అధికారితో పడక ఉద్యోగం వదిలి, జనగామలో ఎరువుల కొట్టు పై అంతస్తులో డిటెక్టివ్ బోర్డు పెట్టుకున్నాక కూడా ఆ స్నేహం తెగలేదు.

"అరుంధతీ, పిల్లగాని పాస్‌పోర్టు ఎత్తుకపోయిన్రు. రాకెట్లన్ని కోసేసిన్రు. నువ్వు పో, జర జల్ది పో," అన్నది ఖుర్షీద్ బేగం. ఏడవలేదు. అందుకే అరుంధతికి భయమేసింది.

ప్లాట్‌ఫారం మీద రైల్వే పోలీసు ఎస్సై అలేఖ్య ఎదురొచ్చింది. ఉద్యోగంలో చేరి ఏడాది దాటని పిల్ల. రెండు రోజుల నుంచి నిద్ర లేనట్టు కళ్లు ఎర్రగా ఉన్నాయి.

"మేడమ్, నిందితుడు దొరికిండు. మీరు అనవసరంగ ఇంత దూరం వచ్చిన్రు."

"పాస్‌పోర్టు దొరికిందా?"

"లేదు."

"మరి నేను రావుడు అవసరమే. మొదటి నుంచి చెప్పు బిడ్డా. టైములతో చెప్పు."

అలేఖ్య నోటుబుక్కు తీసింది. నిన్న తెల్లవారుజామున డోర్నకల్‌లో రైలెక్కిన నవీద్, అతని కోచ్ సోమేశ్వర్ ఇక్కడ చిక్కుకుపోయారు. స్టేషన్ మాస్టరు వాళ్లకు ఫస్ట్ క్లాస్ వెయిటింగ్ రూము ఇచ్చాడు. ఈ రోజు మధ్యాహ్నం కారులో పోవాలనుకున్నారు. పొద్దున ఏడుంబావుకు పట్టాల మీద వంటావార్పు మొదలైంది. ఉద్యమకారులు పట్టాల మధ్యే పొయ్యిలు పెట్టి ఉప్మా వండుతుంటే నవీద్ పోయి వాళ్లతో కూర్చున్నాడు. సోమేశ్వర్ కూడా అక్కడే ఉన్నానని చెప్పాడు. ఎనిమిదింటికి నవీద్ గదిలోకి తిరిగొచ్చాడు. బ్యాగు జిప్పు తీసి ఉంది. ఆరు రాకెట్లకు తీగలు తెగి ఉన్నాయి. పాస్‌పోర్టు ఉన్న నీలం కవరు లేదు. బ్యాగు మీద ఒక చీటీ ఉంది.

"పట్టుకున్నది ఎవరిని?"

"బాల్‌సింగ్ అని, భూపాలపల్లి బొగ్గుబాయిల కార్మికుడు. సమ్మెల ఉన్నడు. ఈడ పక్క తండనే ఆయనది. నిన్న సాయంత్రం నవీద్‌తోని కొట్లాడిండు, ఊరంత సమ్మె చేస్తుంటె నువ్వు ఆటలకు పోతవా అని. ఇయ్యాల ఏడున్నర దాటినంక వెయిటింగ్ రూము దిక్కు పోయిండు, చూసినోళ్లున్నరు. చేతుల కూరగాయల కత్తి ఉన్నది."

"ఎవరు పట్టుకోమన్నరు?"

అలేఖ్య నోటుబుక్కు పేజీ తిప్పింది. "హైదరాబాద్ టెన్నిస్ అకాడమీ నుంచి సెక్యూరిటీ ఆఫీసర్ విజయ్ గారు వచ్చిన్రు. తొమ్మిదిన్నరకు. నవీద్ ఆ అకాడమీ ఆటగాడే, సోమేశ్వర్ సార్ గూడ అక్కడి కోచే. ఆయన చీటీ చూసి, కత్తి చూసి..."

"తొమ్మిదిన్నరకు," అని అరుంధతి తనలో తాను అనుకుని వెయిటింగ్ రూములోకి నడిచింది.

గదిలో రెండు చెక్క బెంచీలు, ఒక బల్ల, స్నానాల గది తలుపు. బల్ల మీద ఆరు రాకెట్లు వరుసగా పెట్టి ఉన్నాయి. బెంచీ మీద నవీద్ కూర్చున్నాడు. ఒడిలో ఇంకో రాకెట్. అరుంధతిని చూడగానే లేచి నిలబడి, చిన్నప్పటిలా పిన్నీ అన్నట్టు పిలిచాడు.

"ఖాలా..."

"కూసో. గది ఏందిరా చేతుల?"

"ఏడోది. పట్టాల మీదికి తీసుకపోయిన, అందుకే బతికింది."

అరుంధతి ఒక్కో రాకెట్ లేపి కిటికీ వెలుతురులో తిప్పింది. కోపంతో చేసిన పనిలా లేదు. కోపంతో వచ్చినవాడు రాకెట్లను నేలకేసి కొడతాడు, విరిచేస్తాడు, కనీసం కత్తితో అడ్డంగా ఒక్క గీటు గీస్తాడు. ఈ ఆరింటిలో ఒక్క చట్రానికి కూడా గీత పడలేదు. తీగలన్నీ సరిగ్గా నడిమి గళ్ల దగ్గర మొదలై, చుట్టూ ఒక వరుసలో తెగాయి. కొసలను వేలితో తడిమింది. కత్తితో కోస్తే ఒకవైపు వాలుగా, పోగులు పోగులుగా ఉండాలి. ఇవి రెండు వైపుల నుంచీ నొక్కి తుంచినట్టున్నాయి.

"నవీద్, గట్టింగ్, అదే ఈ తీగల అల్లిక, పాతబడితే ఎట్ల తీస్తరు?"

"కట్టర్‌తోని, ఖాలా. నడుమ నుంచి మొదలువెట్టి చుట్టు తిరుగుకుంట కట్ చెయ్యాలె. ఒక పక్క నుంచి కోస్తే బిగువంత రెండో దిక్కు గుంజుతది. ఫ్రేం వంకరపోతది. సోమేశ్వర్ సార్ చిన్నప్పుడే..."

అతను ఆగిపోయాడు. తన మాట తనకే వినపడింది.

"ఇప్పుడేం మాట్లాడకు," అన్నది అరుంధతి మెల్లగా. "గా రాకెట్ నాకియ్యి. పది నిమిషాలు."

చీటీ అలేఖ్య దగ్గర ఉంది. గీతల కాగితం మీద పెద్ద అక్షరాలు: 'గీ రాకెట్ల ఆట గిట్ల బంద్ జేస్తున్నం గా. గా పోరడు గాడికి గిట్ల పోవద్దు గా. గిదే గాదే ఆఖరి మాట. జై తెలంగాణ.'

అరుంధతి రెండుసార్లు చదివి ఫక్కున నవ్వింది. ఆ గదిలో అందరూ ఉలిక్కిపడ్డారు.

"అలేఖ్యా, నీది ఏ ఊరు?"

"ఘనపూర్, మేడమ్."

"మీ నాయిన గిట్ల మాట్లాడ్తడా?"

అలేఖ్య చీటీ తీసుకుని పెదవులు కదుపుతూ చదివింది. రెండో వాక్యానికి ఆమె ముఖం మారింది. "లేదు మేడమ్. ఎవ్వరు మాట్లాడరు. ఇది... సినిమాలల్ల మన భాష అని మాట్లాడిస్తరే, గట్లున్నది."

"కోసిన చెయ్యి ఒకటి, రాసిన చెయ్యి ఇంకోటి. పా, బాల్‌సింగ్‌ను చూద్దాం."

*

బాల్‌సింగ్ పోలీసు గదిలో గోడకు ఆనుకుని కూర్చున్నాడు. ముప్పై అయిదేళ్లుంటాయి. నుదుటి మీద పాత దెబ్బ మచ్చ. కళ్లలో భయం లేదు, విసుగుంది.

"నిన్న కొట్లాడినవా తమ్మీ?"

"కొట్లాడిన. ఇయ్యాల పొద్దుగాల ఆ పోరడు తనంతల తనే వచ్చి నా పక్కన పట్టాల మీద కూసున్నడు. మాది గూడ రైల్వే ఇల్లే, మాకు గూడ నౌకర్లు రాలే అన్నడు. ఇగ కొట్లాట ఏముంటదక్కా? ఉల్లిగడ్డలు ఇద్దరం కలిసి కోసినం."

"వెయిటింగ్ రూముకు ఎందుకు పోయినవ్?"

"నీళ్లకు. లోపటి నల్లకు మంచినీళ్లొస్తయి. బకెట్ పట్టుకొని పోయిన. తలుపు లోపటి నుంచి గొళ్లెం పెట్టి ఉన్నది. కొట్టిన, ఎవ్వరు పలుకలే. ఎవరో తానం చేస్తున్నరనుకొని మళ్లి, ప్లాట్‌ఫారం నల్లకాడ పట్టుకొని వచ్చిన."

"ఎన్నింటికి?"

"పోపు గింజలు ఏసి పోయిన. ఏడూ ముప్పై అయిదు, నలభై."

"కొట్టినప్పుడు లోపట సప్పుడు?"

బాల్‌సింగ్ కళ్లు మూసుకుని ఆలోచించాడు. "ఉన్నది. టిక్కు, టిక్కు. నేను తలుపు కొట్టంగనే ఆగింది. మాట గూడ ఇనపడ్డది ఒకటి, మెల్లగ. 'తొందరగా కానివ్వండి' అని. మన దిక్కు మాట కాదు."

అలేఖ్య పెన్ను ఆగింది. "ఇది నాకెందుకు చెప్పలే నువ్వు?"

"అడిగితివా అమ్మా? కత్తి ఏది అన్నరు, ఇచ్చిన. గంతే అడిగిన్రు."

అలేఖ్య తలదించుకుని రాసుకుంది. తలుపు దగ్గర ఎవరో గొంతు సవరించుకున్నారు.

ఇస్త్రీ నలగని తెల్ల చొక్కా, చేతిలో రెండు ఫోన్లు. విజయ్ నవ్వుతూ లోపలికి వచ్చాడు.

"మీరేనా అరుంధతి గారు? జనగామ డిటెక్టివ్! విన్నానండీ. గేదెలు తప్పిపోతే వెతికిపెడతారట కదా."

"దొరికినయి గూడ," అన్నది అరుంధతి.

"బాగుంది. ఇక్కడ మీకు పనిలేదండీ. కత్తి దొరికింది, చీటీ దొరికింది, మనిషి దొరికాడు. పాస్‌పోర్టు ఆ పొయ్యిలోనే పడేసి ఉంటాడు. పాపం నవీద్, ఈసారికి అదృష్టం లేదు. ఎస్సై గారూ, ఎఫ్ఐఆర్ ఎప్పుడు రాస్తారు? మా చైర్మన్ గారు మీ పైవాళ్లతో మాట్లాడారు."

"నవీద్ పోకుంటె ఆ చోటు ఎవరికి పోతది విజయ్ గారూ?"

"జాబితాలో తర్వాతివాడికి."

"ఆయన పేరు?"

విజయ్ నవ్వు సగం తగ్గింది. "కిరీటి. మా చైర్మన్ గారి అబ్బాయే. అయితే ఏంటండీ? ఆటన్నాక జాబితా ఉంటుంది."

"ఉంటది, ఉంటది. ఊకెనే అడిగిన. మీరు ఏ తొవ్వల వచ్చిన్రు? తొర్రూరు దిక్కు చెట్లు కొట్టి అడ్డమేసిన్రు, నేను కేసముద్రం తిరిగి రావలసి వచ్చింది."

"నేనూ అంతే. వరంగల్లో పనుండి రాత్రి అక్కడే ఉన్నాను. ఫోన్ రాగానే కేసముద్రం మీదుగా వచ్చేశాను. తొమ్మిదిన్నరకి దిగాను, ఎస్సై గారు రాసుకున్నారు."

"కేసముద్రం మార్కెట్ కాడ ఆపలేదా?"

"ఆపారు. జై తెలంగాణ అన్నాను, వదిలేశారు. మీ వాళ్లకి అది చాలు కదా."

"గంతేనా? ఇంకేం చెయ్యలే?"

"అంతేనండీ. ఏం చేస్తారు?"

అరుంధతి అలేఖ్య భుజం మీద చెయ్యివేసి బయటికి నడిపించింది. స్టేషన్ ముందర తన వ్యాను, దాని పక్కన విజయ్ తెల్ల కారు నిలబడి ఉన్నాయి.

"రెండిటి నంబర్ ప్లేట్లు చూడు."

వ్యాను ప్లేటు మీద ఏపీ అన్న అక్షరాలు నల్లరంగు కింద మునిగిపోయాయి. వాటి పైన తెల్లరంగుతో టీజీ అని రాసి ఉంది. రంగు ఇంకా పూర్తిగా ఆరలేదు. కారు ప్లేటు మీద ఏపీ అక్షరాలు తళతళలాడుతున్నాయి.

అరుంధతి కేసముద్రంలో పొద్దున తీసుకున్న నంబరుకు ఫోన్ చేసి స్పీకర్ పెట్టింది. "సోమక్కా, నేను, పొద్దుగాల నీ బ్రష్షు కింద పడ్డ మారుతి వ్యాను అక్కను. ఎన్నింటి సంది రాస్తున్నవ్ నువ్వు?"

అవతల ట్రాక్టర్ల చప్పుడు మధ్య ఒక గట్టి గొంతు పలికింది. కేసముద్రం పత్తి యార్డులో హమాలీ సంఘం నాయకురాలు సోమక్క. "పొద్దుగాల ఆరు గొట్టంగ మొదలువెట్టిన. బ్రష్షు కింద వెట్టలే. పెండ్లి కారును గూడ వదల్లే, పిల్లగాడు మొత్తుకున్న రాసిన."

"రాయకుండ ఒక్క బండి పోయిందా?"

"నా కండ్ల ముంగటి నుంచా? ఏం మాటక్కా అది!"

ఫోన్ పెట్టేసేసరికి అలేఖ్య తన నోటుబుక్కులో 'తొమ్మిదిన్నర' అన్న మాట చుట్టూ సున్నా చుట్టేసింది. ఇంతకుముందు ఉన్న అలసట ఆమె ముఖంలో లేదు. "అంటే ఆరుకంటె ముందే ఈ ఊర్లె ఉన్నడు."

"ఏడూ నలభైకి గొళ్లెం పెట్టిన గదిల గూడ ఉన్నడు. ఇగ రెండో మనిషి కావాలె మనకు. అది కష్టం. దొంగను పట్టుకునుడు కాదు, ఒక గురువును పట్టుకునుడు."

టైము పన్నెండూ నలభై.

*

సోమేశ్వర్ ప్లాట్‌ఫారం చివర సిమెంటు బల్ల మీద ఒంటరిగా కూర్చున్నాడు. యాభై దాటిన మనిషి. పాత గాయానికి కుడి మోకాలికి లావుపాటి పట్టీ కట్టుకుని ఉన్నాడు. పక్కనే చిన్న పనిముట్ల సంచి.

అరుంధతి ఎదురుగా కూర్చుని ఏడో రాకెట్ ఒడిలో పెట్టుకుంది. అలేఖ్య దగ్గర అడిగి తెచ్చిన బాల్‌సింగ్ కూరగాయల కత్తిని కొంగు చాటు నుంచి తీసింది.

"సోమేశ్వర్ గారూ, కత్తితోని ఈ తీగలు ఎట్ల తెగుతయో చూద్దామనుకుంటున్న. కేసుకు సాక్ష్యం గావాలె." అంటూ కత్తి మొనను రాకెట్ ఒక అంచున ఉన్న చివరి తీగ కిందికి దూర్చి పైకి లాగబోయింది.

"ఆగుండ్రి!" సోమేశ్వర్ ఒక్క ఉదుటున లేచి ఆమె మణికట్టు పట్టుకున్నాడు. "అట్ల కొస నుంచి కొయ్యొద్దు! ఫ్రేం పోతది! నడుమ నుంచి..."

అరుంధతి కత్తి పక్కన పెట్టింది. ఆ రాకెట్ తీగ ఒక్కటీ తెగలేదు.

"పొద్దుగాల కోసినోడికి గూడ గిదే బాధ ఉండె సార్. ఆరిట్ల ఒక్క ఫ్రేం గూడ చెడిపోలే. నెత్తి మీద ఎవరో నిలబడి తొందర పెడుతున్నా గూడ ఆయన చేతులు పద్ధతి తప్పలే."

సోమేశ్వర్ మెల్లగా బల్ల మీదికి జారాడు. పట్టాల వైపు చూశాడు. అక్కడ నవీద్ మళ్లీ పోయి జనంలో కూర్చున్నాడు.

"తొమ్మిదేండ్ల పిల్లగాడు మేడమ్. వాని మొదటి రాకెట్‌కు నేనే గట్టింగ్ చేసిన. పదమూడేండ్లు." అరచేతులతో ముఖం రుద్దుకున్నాడు. "చైర్మన్ పిలిచి చెప్పిండు. కిరీటి పోవాలె, నవీద్ పోవద్దు. చేస్తె హెడ్ కోచ్‌వి. చెయ్యకుంటె ఈ రాష్ట్రంల ఏ కోర్టుల అడుగువెట్టనియ్య అన్నడు. నాకు ఈ పని తప్ప ఇంకో పని రాదు. విజయ్ తెల్లారకముందే వచ్చిండు. ఉద్యమం వాళ్ల మీదికి పోవాలె, రాకెట్లు కొయ్యి అన్నడు. నీలం కవరు తీసుకున్నడు. రేపు ఆరు దాటినంక నేనే దొరకబట్టిన అని తెచ్చిస్తడట. పేపర్ల ఫోటో గూడ పడుతదట."

"ఆ బాల్‌సింగ్‌ను తీసుకపోతుంటె చూసినవా?"

"చూసిన."

"ఏమన్లే?"

"అన్లే."

"ఇప్పుడనాలె. అందరి ముంగట."

*

ఒంటి గంటకు అయిదు నిమిషాలుంది. స్టేషన్ ముందర మధ్యాహ్నపు వంట మొదలైంది. పెద్ద పొయ్యి మీద అన్నం కుతకుత ఉడుకుతోంది. చుట్టూ రెండు వందల మంది. విజయ్ కారు తలుపు తీస్తుండగా అలేఖ్య అడ్డంగా నిలబడింది.

"కారు సోదా చెయ్యాలె సార్."

"ఎస్సై గారూ, ఎవరితో మాట్లాడుతున్నారో తెలుసా?"

"తెలుసు. ఏడూ నలభైకి వెయిటింగ్ రూముల ఉన్న మనిషితోని."

విజయ్ చుట్టూ చూశాడు. అలేఖ్య వెనక అరుంధతి, ఆమె వెనక తల వంచుకున్న సోమేశ్వర్, ఆ పక్కన నవీద్. సోమేశ్వర్ నోరు తెరిచి, ఎవరూ అడగకుండానే, గట్టిగా చెప్పాడు. "రాకెట్లు కోసింది నేను. చీటీ రాసింది ఆయన. బాల్‌సింగ్‌కు ఏం తెల్వదు."

జనంలో ఒక్కసారి కలకలం లేచింది. విజయ్ ముఖంలో రంగులు మారాయి. తర్వాత అతను చేసిన పని ఎవరూ ఊహించలేదు. సీటు కింద నుంచి నీలం కవరు లాగాడు, అందులోని పుస్తకాన్ని రెండు చేతులా పట్టుకుని నిలువునా చించాడు. అలేఖ్య అందుకునేలోపే ఆ ముక్కలను పొయ్యిలోకి విసిరేశాడు.

"సాక్ష్యం కావాలా? తీసుకోండి. ఇప్పుడు పంపండి మనీలాకి!"

నవీద్ పొయ్యి మీదికి ఉరికాడు. ఇద్దరు అతన్ని పట్టుకుని వెనక్కి లాగారు. మంట ఎగసింది. నల్లగా ముడుచుకుపోతున్న పేజీలను చూస్తూ అతను నేల మీద కూలబడ్డాడు. అరుంధతి తన జీవితంలో మొదటిసారి గడియారం చూడాలంటే భయపడింది.

అప్పుడు సోమేశ్వర్ వచ్చి నవీద్ ముందర నేల మీద కూర్చున్నాడు. ప్యాంటు కుడి కాలు పైకి మడిచాడు. మోకాలి పట్టీ కొక్కాలు ఒక్కొక్కటే విప్పాడు. లోపల పల్చని ప్లాస్టిక్ సంచి. అందులో ముదురు నీలం పుస్తకం.

"అది నాది బిడ్డా. కాలింది నాది," అన్నాడు. "కవరు నీదే, లోపట పుస్తకం నాది పెట్టిన. ఆయన తెరిచి చూడలే. ఏర్‌పోర్టుల ఎట్లనన్న నీ చేతుల పెడుదామనుకున్న. ఇది నా దగ్గర ఉన్నదని తెలిస్తె గుంజుకుంటడని, ఆయన చేతులు ఖాళీ అయ్యేదాంక ఎవ్వరికి చెప్పలే."

నవీద్ పుస్తకం తెరిచాడు. తన ఫోటో. తన పేరు. ఆ కుర్రాడు ఏం చెయ్యాలో తోచక గురువు మోకాలి మీద తల పెట్టి ఏడ్చేశాడు.

విజయ్ కారు వైపు రెండడుగులు వెనక్కి వేశాడు. అలేఖ్య అతని చెయ్యి పట్టుకుంది. "దొంగతనం ఒకటి, పాస్‌పోర్టు తగలవెట్టుడు ఒకటి. రెండోది రెండు వందల మంది సాక్షుల ముంగట, పోలీసు ముంగట. పాండ్రి సార్."

జనం అరుపులకు స్టేషన్ రేకులు అదిరాయి.

బాల్‌సింగ్ బయటికి రాగానే నేరుగా సోమేశ్వర్ దగ్గరికి పోయాడు. బాల్‌సింగ్ ఆయన్ను కింది నుంచి మీదికి చూశాడు.

"నీతోని నాకు మాటలున్నయి సార్, అవి తర్వాత." అరుంధతి వైపు తిరిగాడు. "అక్కా, టైమెంత?"

"ఒంటిగంటన్నర. తొర్రూరు తొవ్వ బందుంది. చుట్టు తిరిగితె అందుతమో లేదో."

"ఏ తొవ్వ బందుంది? బందు పెట్టింది ఎవరు? మేమే గదా!" అంటూ బాల్‌సింగ్ వ్యాను ముందు సీట్లోకి ఎక్కి ఫోన్ తీశాడు.

*

ఆ ప్రయాణాన్ని అరుంధతి తర్వాత చాలామందికి చెప్పింది. నెల్లికుదురు దగ్గర రోడ్డుకు అడ్డంగా పడ్డ తుమ్మచెట్టును వాళ్లు వచ్చేసరికి ముప్పై మంది పక్కకు లాగుతున్నారు. తొర్రూరు చౌరస్తాలో బతుకమ్మలు పెట్టి ఆడుతున్న ఆడవాళ్లు వలయం మధ్యలో దారి విడిచి, వ్యాను దాటగానే మళ్లీ చేతులు కలిపారు. ప్రతి అడ్డంకి దగ్గరా బాల్‌సింగ్ కిటికీలోంచి తల బయటపెట్టి అరిచేవాడు. "మన డోర్నకల్ పోరడు! ఇంకో దేశంల ఆడనీకి పోతున్నడు! తొవ్వ ఇడువుండ్రి!" ట్రాక్టర్లు వెనక్కి జరిగేవి. జనగామ దాటేసరికి నాలుగయింది. వ్యాను వెనక ఇరవై మోటారు సైకిళ్లు జెండాలతో వస్తున్నాయి. వెనక సీట్లో నవీద్ ఒక కాగితం చదువుకుంటున్నాడు. స్టేషన్లో వాంగ్మూలం ఇవ్వడానికి ఆగిపోయిన సోమేశ్వర్, ఆ ఆరు రాకెట్లకు ఏ తీగ ఎంత బిగువుగా వెయ్యాలో రాసిచ్చిన కాగితం అది.

రాత్రి ఎనిమిదింటికి ఏర్‌పోర్టు గేటు దగ్గర నవీద్ దిగి, అరుంధతి చేతులు కళ్లకు అద్దుకుని లోపలికి పోయాడు. బాల్‌సింగ్ గాజు తలుపు మూసుకునేదాకా చెయ్యి ఊపుతూనే ఉన్నాడు.

మర్నాడు సాయంత్రం అయిదింటికి జనగామ ఆఫీసులో ఫోన్ మోగింది.

"ఖాలా, సంతకం పెట్టిన. ఇక్కడి టైము అయిదూ పదికి. యాభై నిమిషాల ముందే."

"శభాష్ బిడ్డా! మీ అమ్మకు చెప్పినవా?"

"చెప్పిన. ఖాలా, ఇంకో మాట. కిరీటి గూడ ఇక్కడ ఆడుతున్నడు."

అరుంధతి కుర్చీలోంచి లేచింది. "ఎట్ల?"

"పైన ఇద్దరు ఆటగాళ్లు రాలేదట. జాబితల తర్వాతోళ్లను తీసుకున్నరు. నేను వచ్చినా, రాకున్నా వానికి చోటు దొరికేదే."

ఆమె మళ్లీ కుర్చీలో కూర్చుంది. కోసిన తీగలు, కాలిన పుస్తకం, ఒక నిర్దోషి పోలీసు గదిలో కూర్చున్న నాలుగు గంటలు. ఇదంతా ఊరికే వచ్చే చోటు కోసం.

"వానికి ఇవేం తెల్వదు ఖాలా. నన్ను చూసి మీద పడి అలాయిబలాయి ఇచ్చిండు. వాళ్ల నాయిన మాత్రం నన్ను చూసి దయ్యాన్ని చూసినట్టు నిలబడ్డడు. విజయ్ ఫోన్ ఎత్తుత లేడని అందరిని అడుగుతున్నడు." నవీద్ గొంతు తగ్గించాడు. "ఇప్పుడే డ్రా తీసిన్రు. రేపు పొద్దుగాల పదింటికి, మూడో నంబర్ కోర్టు. నా మొదటి మ్యాచ్ కిరీటితోనే. చైర్మన్ సార్ ముందు వరుసల కూసుంటడట. నేనేం చెయ్యాలె? ఆయనకు చెప్పాల్నా, మాకు అంత తెలుసు అని?"

అరుంధతి బల్ల మీద అలేఖ్య అరగంట కిందట ఫ్యాక్సులో పంపిన కాగితాలున్నాయి. విజయ్ వాంగ్మూలం, మూడు పేజీలు. ప్రతి పేజీలోనూ చైర్మన్ పేరుంది. విమానం దిగగానే ఆయన కోసం హైదరాబాద్‌లో ఎదురుచూసేది పూలదండలు కావు.

"ఏం చెప్పకు," అన్నది అరుంధతి. ఆమె పెదవుల మీద నవ్వు మెల్లగా విచ్చుకుంది. "ముందుగాల్ల మ్యాచ్ గెలువు. ఆయనను ఆట సాంతం చూడనియ్యి."